నీళ్ల మిస్త్రీకి పిల్లనివ్వరట



పోయిన నెల మా ఆపా కొడుకు రిష్తా మాట్లాడడానికి పిల్ల వాళ్లింటికి వెళ్లాం. మామూని కదా, నన్ను ముందు కూర్చోబెట్టారు. పిల్ల అబ్బా రిటైర్డ్ టీచర్, షరీఫ్ మనిషి. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. "బచ్చా ఏం చేస్తాడు?" అని అడిగారు.

"మున్సిపాలిటీ ఫిల్టర్ హౌస్‌లో మెకానిక్" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "మాషా అల్లాహ్, అయితే సర్కారీ నౌకరీ!"

"కాదు భాయ్‌సాబ్, కాంట్రాక్టర్ కింద."

"ఐటీఐ చేశాడా?"

"లేదు. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక తొమ్మిదో తరగతిలో ఆగిపోయాడు. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు."

ఆయన కప్పు కింద పెట్టారు. "అంటే మిస్త్రీ" అన్నారు.

మూడు రోజులకి జవాబు వచ్చింది. ఇస్తిఖారా చేశారట, దిల్ ఒప్పుకోలేదట. ఇస్తిఖారాని నేనేమీ అనను, అది అల్లాహ్‌కీ బందాకీ మధ్య మాట. కానీ ఆ దిల్ ఒప్పుకోకపోవడం కప్పు కింద పెట్టినప్పుడే అయిపోయింది. ఆ చాయ్‌లో నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకి తట్టలేదు. నాకూ ఆ క్షణంలో తట్టలేదు.

జవాబు విని మా ఆపా ఏడ్చింది. వాడు మాత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని నైట్ డ్యూటీకి పోయాడు. ఆ రాత్రి రెండో నంబరు పంపు బేరింగ్ మార్చాలి.

ఊరి పేరు రాయను. రాస్తే పోయేది నా నౌకరీ కాదు, వాడిది. తుంగభద్ర నీళ్లు తాగే ఊరని మాత్రం చెప్తాను.

నేను జర్నలిస్టుని. నీళ్ల మీద బోలెడు వార్తలు రాశాను. "తాగునీటికి కటకట", "ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన మహిళలు"... ఇలాంటి హెడ్డింగులు మీరూ చాలా చదివుంటారు. నల్లా ఎండితేనే మాకు వార్త. నల్లా వచ్చిన రోజు అది ఎవరి మెహనత్ వల్ల వచ్చిందో ఇరవై ఏళ్లలో ఒక్కసారీ రాయలేదు. అందుకే పయామ్ తిరిగొచ్చిన వారంలో ఒక రాత్రంతా వాడితో ప్లాంటులో కూర్చున్నాను.

నది నీళ్లు ముందు ఇన్‌టేక్ బావిలోకి వస్తాయి. పంపులు వాటిని ప్లాంటుకి తోస్తాయి. మెట్ల మీంచి దొర్లించి గాలి పట్టిస్తారు. పటిక కలిపి ముందు జోరుగా, తర్వాత పెద్ద గుండ్రటి తొట్టిలో నిదానంగా తిప్పుతారు. మట్టి ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఇసుక ఫిల్టర్లలోంచి దిగుతాయి. ఆఖర్న క్లోరిన్ కలిపి, పెద్ద పంపులతో ఊళ్లో ట్యాంకులకి ఎక్కిస్తారు.

బోర్డు మీద రాసి ఉండేది ఇంతే. మెకానిక్ లెక్క వేరు. వాడి కంటికి ప్లాంటంటే తిరిగేవి, అరిగేవి, కారేవి.

పంపు షాఫ్ట్ బయటికొచ్చే చోట గ్లాండ్ ఉంటుంది. అందులో ప్యాకింగ్ తాడు చుట్టి బిగిస్తారు. అక్కడ నీళ్లు బొట్టుబొట్టుగా కారుతూనే ఉండాలి. తెలియనివాడు లీకు అనుకుని గట్టిగా బిగిస్తాడు. తాడు వేడెక్కి మాడుతుంది, లోపల స్లీవ్ గీసుకుపోతుంది, మర్నాడు పంపు ఆగుతుంది. మోటారు షాఫ్టు, పంపు షాఫ్టు ఒకే గీతలో లేకపోతే కొత్త బేరింగ్ కూడా ఎక్కువ రోజులు నిలవదు. డయల్ గేజ్ పెట్టి చూసి, మోటారు కాళ్ల కింద కాగితమంత పల్చటి షిమ్ములు దూర్చి ఆ గీత కలపాలి. కరెంటు పోయినప్పుడు పైకెక్కే నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి. ఎన్‌ఆర్‌వీ సరిగ్గా మూసుకోకపోతే పంపు ఉల్టా తిరుగుతుంది, ఆ దెబ్బకి పైపు పగలొచ్చు. ఇసుక ఫిల్టర్లో మట్టి పట్టేస్తే కింద నుంచి ముందు గాలి, తర్వాత నీళ్లు ఎదురు పంపి కడగాలి. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే మట్టితో పాటు ఇసుకా కొట్టుకుపోతుంది.

మావాడు స్క్రూడ్రైవర్ మొనని బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని విన్నాడు. "ఇది పది రోజులు వస్తుంది మామూ, అది ఈ రాత్రే మార్చాలి" అన్నాడు. అది ఏ పుస్తకంలో చదివాడు? ఉస్తాద్ దగ్గర తిట్లు తిని నేర్చుకున్న ఇల్మ్ అది. అవును, నేను ఇల్మ్ అనే అంటున్నాను.

ఇక క్లోరిన్ గది. అక్కడ ఒక్కో టన్నర్‌లో 900 కిలోల క్లోరిన్ ఉంటుంది. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, నేలని పట్టుకుని పాకుతుంది. ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. లీకు ఎక్కడుందో తెలుసుకోవాలంటే అమ్మోనియాలో తడిపిన గుడ్డని కర్రకి కట్టి వాల్వుల దగ్గర తిప్పుతారు, లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. లీకు మీద నీళ్లు కొట్టకూడదు. క్లోరిన్, నీళ్లు కలిస్తే ఆసిడ్ అయి ఆ కన్నాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. పరుగెత్తాల్సి వస్తే గాలికి ఎదురుగా, ఎత్తుకి పరుగెత్తాలి. రెండేళ్ల కింద ఒక తెల్లవారుజామున ఆ గదిలో వాల్వు దగ్గర లీకైతే మాస్కు తగిలించుకుని లోపలికి పోయి బిగించింది మావాడే. అప్పుడు ఊరంతా నిద్రలో ఉంది. ఫజర్ అజాన్ అయ్యాక మస్జిద్ హౌజులో వజూ చేసినవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు.

ఈ పని ఆగితే ఏమవుతుందో మన మొహల్లాలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు డయేరియా ఇళ్లకిళ్లని కూల్చింది. పాత పైపు పక్కన మురుగు కాలువ, పైపులో నీళ్లు ఆగగానే ఆ మురుగు కన్నాల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. పంపు ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు ఆ ఖతరా. మన బస్తీలు చాలాచోట్ల లైను చివర ఉంటాయి. ముందు ఎండేది మన నల్లా, ముందు మంచాన పడేది మన పిల్లలు. నల్లా చివర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం చెప్తుంది. ఆ 0.2ని నిలబెట్టే చేతుల్లో మావాడి చెయ్యి ఒకటి.

ఇప్పుడు ఆ చేతికి ఇచ్చే తన్ఖా హిసాబ్ చూద్దాం.

పదకొండేళ్ల సర్వీసు. నెలకి చేతికొచ్చేది 13,500. ఇన్నేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. గేటు మీద బోర్డు మారింది, చొక్కా మీద పేరు మారింది. పానా పట్టిన చెయ్యి మాత్రం అదే. ఐదేళ్లు ఆగకుండా పనిచేస్తే గ్రాట్యుటీ ఇవ్వాలని 1972 చట్టం చెప్పింది. మూడేళ్లకోసారి కాంట్రాక్టర్ మారితే ఆ ఐదేళ్లు ఖయామత్ దాకా పూర్తి కావు. ప్రతి కాంట్రాక్టర్ దగ్గరా వాడు ఆ రోజే చేరిన కొత్తవాడు.

రిజిస్టర్లో వాడి హోదా ఏమిటో తెలుసా? హెల్పర్. ఐటీఐ సర్టిఫికెట్ లేదు కాబట్టి మెకానిక్ అని రాయడం కుదరదట. పోయినేడు సర్టిఫికెట్ ఉన్న కుర్రాడొకడు చేరాడు, అతనిది టెక్నీషియన్ హోదా. మంచి పిల్లవాడే, అతన్ని నేనేమీ అనను. గ్లాండ్ ఎంత బిగించాలో అతనికి నేర్పింది మా హెల్పరే.

సర్కారుని అడుగుతున్నాను. ఊరికి నీళ్లు ఏడాదిలో మూడు నెలలే కావాలా? నది ఉన్నన్నాళ్లూ, ఊరు ఉన్నన్నాళ్లూ ఉండే పని ఇది. పని పర్మనెంట్ అయితే పనివాడు టెంపరరీ ఎలా అయ్యాడు? ఏడాది పొడుగునా సాగే పనిలో కాంట్రాక్టు కూలీని నిషేధించే దారి 1970 నాటి చట్టంలోనే పెట్టారు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి కూడా సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ కేసులో చెప్పింది. 2024 డిసెంబరులో సెంట్రల్ వాటర్ కమిషన్‌లో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోట పని చేసిన వాళ్లని రెగ్యులరైజ్ చేయమంది. ఎప్పుడూ ఉండే పనిని తాత్కాలికం అనే పేరుతో ఏళ్లకేళ్లు చేయించుకోవడాన్ని తప్పు పట్టింది. ఆ తీర్పులు మన మున్సిపాలిటీ గేటు దాకా ఎందుకు రావు?

"పర్మనెంట్ చేస్తే పని చెయ్యరు" అంటారు కొందరు. పదకొండేళ్లు పర్మనెంట్ కాకుండా పనిచేసినవాడి మీద ఈ ఇల్జామ్ ఎలా వేస్తారు? పని చెయ్యని పర్మనెంట్ ఆఫీసర్ని అడగలేక, పని చేసే మిస్త్రీ తన్ఖా కోస్తారా? "డబ్బుల్లేవు" అంటారు ఇంకొందరు. కాంట్రాక్టర్ కమీషన్‌కి డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

ఇక మన ఖౌమ్ లీడర్లు. ప్రతి ఎలక్షన్‌కీ రిజర్వేషన్ మీద తఖ్రీర్లు ఇస్తారు. 2007 నుంచి బీసీ-ఈ కింద నాలుగు శాతం ఉంది, దానికోసం కోర్టుల్లో పోరాడినవాళ్లకి సలాం. కానీ ఆ నాలుగు శాతం దేంట్లో? మంజూరైన పోస్టులో. ప్లాంటు నిర్వహణ మొత్తం కాంట్రాక్టర్‌కి రాసిచ్చాక అక్కడ పోస్టే లేదు. లేని పోస్టులో నాలుగు శాతం ఎంత? రిజర్వేషన్ ఉందని మనం ఖుషీగా ఉన్నాం, దాని కింద నేల జారిపోయింది. ఫిల్టర్ హౌస్‌లో, పంపు హౌస్‌లో మనవాళ్లు ఎంతమంది ఏ హోదాలో ఉన్నారని ఒక్క లీడరైనా మున్సిపాలిటీకి అర్జీ పెట్టాడా? నాకు తెలిసిన ఊళ్లలో పెట్టలేదు.

ఇప్పటిదాకా చదివి తల ఊపినవాళ్లు ఆగండి. మన ఇంటి సంగతి ఇంకా మొదలు పెట్టలేదు.

మా మొహల్లా మస్జిద్‌లో జుమా రోజు బోరు మోటారు కాలితే కమిటీ మొత్తం మావాడికే ఫోన్ చేస్తుంది. నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాడు లేచి వస్తాడు. ఫీసబీలిల్లాహ్ చేస్తాడు, పైసా తీసుకోడు. అదే కమిటీ పెద్దమనిషి ఇంట్లో వలీమా అయితే దుబాయ్ నుంచి వచ్చినవాడికి ముందు దస్తర్‌ఖాన్, వీడికి ఆఖరి దస్తర్‌ఖాన్. దుబాయ్‌లో ఆ మనిషి చేసేదేమిటి? ఏసీ మెకానిక్! అదే పానా, అదే గ్రీజు. సముద్రం దాటితే హునర్, ఊళ్లో ఉంటే మిస్త్రీగిరీ.

దావూద్ అలైహిస్సలాం బాద్షా అయ్యుండి చేతి కష్టం మీద తిన్నారని, ఇనుముతో జిరహ్‌లు చేశారని ప్రతి ఆలిమ్ బయాన్‌లో చెప్తాడు. మనం సుభానల్లాహ్ అంటాం. ఇంటికొచ్చి ఇనుము పనివాడికి పిల్లనివ్వం. బయాన్ చెవిలోకి వెళ్లింది, రిష్తా దాకా రాలేదు.

మన గుణం ఇంకోటి ఉంది. హునర్ ఉందిగా, కాగితమెందుకు అని. ఉస్తాద్ పేరు చెప్తే చాలనుకునే రోజులు మెకానిక్ షెడ్డులో ఉన్నాయేమో, టెండర్ కాగితంలో లేవు. 2006లో సచార్ కమిటీ మన ముస్లింలు ఎక్కువగా సొంత చేతి పనుల్లో, అసంఘటిత పనుల్లో ఉన్నారనీ, నెల జీతం సర్కారీ నౌకరీల్లో చాలా తక్కువనీ రాసింది. ఎనిమిదో తరగతి చదివి బడి మానేసే పిల్లలకి కూడా ఐటీఐ తలుపు తెరవాలని అప్పుడే చెప్పింది. మనం ఆ రిపోర్టుని స్టేజీల మీద ఊపాం, మన పిల్లల్ని ఆ తలుపు దాకా నడిపించలేదు.

ఇందులో మొదటి ముజ్రిమ్ నేనే. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో పేరు అచ్చేసుకున్న మామూని. ఏ దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. ఫారం నింపడం వచ్చు. పదకొండేళ్లలో ఆ పిల్లవాడి కోసం ఒక్క ఫారం నింపలేదు. ఈద్‌కి వచ్చినప్పుడల్లా భుజం తట్టి "గల్ఫ్‌కి పోరాదూ" అన్నాను. అమ్మీ ఒక్కతే ఉంటుందని వాడు పోలేదు. అంతకుమించి నేను ఆలోచించలేదు.

కాబట్టి పని మాట చెప్తాను. మీ ఇంట్లో, మీ గల్లీలో ఇలాంటి హునర్‌మంద్ ఉంటే చదవండి.

పది పాస్ కాకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ పది రాయొచ్చు, ఉర్దూ మీడియంలో కూడా రాయొచ్చు. వయసు అడ్డు కాదు. పది ఉంటే ఐటీఐలో ఫిట్టర్ రెండేళ్ల కోర్సు, పంప్ ఆపరేటర్ కమ్ మెకానిక్ అని ఏడాది కోర్సు ఉన్నాయి. రెండోది సరిగ్గా ఫిల్టర్ హౌస్ పనే. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీకి ఐటీఐ ఉంది, కడపలో పాలిటెక్నిక్ ఉంది. ఉర్దూ మీడియం పిల్లలకి టెక్నికల్ తాలీమ్ లేదనే బహానా చెల్లదు. పని మానుకుని కాలేజీకి పోలేనివాళ్లకి, పనిలో అనుభవం చూపి ప్రైవేటు క్యాండిడేట్‌గా ట్రేడ్ టెస్ట్ రాసే ఏర్పాటు ఉంది. ముందే వచ్చిన హునర్‌ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే స్కీము ఉంది. ఐటీఐ సనద్‌తో అది సమానం కాదు, కానీ చేతిలో ఏమీ లేకపోవడం కన్నా నయం. దగ్గర్లోని సర్కారీ ఐటీఐకి వెళ్లి ప్రిన్సిపాల్‌ని అడగండి. మీరు వెళ్లలేకపోతే చదువుకున్న మేనల్లుణ్ణో, పక్కింటి డిగ్రీ పిల్లనో పంపండి.

అనుభవం సర్టిఫికెట్ కాంట్రాక్టర్ మారేముందే తీసుకోండి. మారాక ఎవరూ ఇవ్వరు. పీఎఫ్ పడుతోందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు, మీ పిల్లలకి చెప్తే క్షణంలో చూపిస్తారు. క్లోరిన్ గదిలో మాస్కు, అమ్మోనియా సీసా లేకపోతే నోటితో చెప్పకండి, రాసివ్వండి, రసీదు తీసుకోండి. యూనియన్‌లో చేరండి. ఆ యూనియన్‌లో హిందూ భాయీ, దళిత్ భాయీ ఉంటారు. ఒకే గదిలో ఒకే గ్యాస్ పీల్చేవాళ్లు, హక్ కూడా కలిసే అడగాలి.

మస్జిద్ కమిటీలకి ఒక మాట. మినార్‌కి రంగు వేయడానికి చందా వసూలు చేస్తారు, సంతోషం. ఏడాదికి పదిమంది మిస్త్రీలకి ఓపెన్ స్కూల్ ఫీజు కట్టడానికి ఎంత కావాలి? ఇషా తర్వాత మదర్సా గదిలో లైటు వేసి లెక్కలు, సైన్సు చెప్పడానికి రిటైర్డ్ టీచర్లు మన మొహల్లాల్లోనే ఉన్నారు.

అమ్మాయిలున్న అబ్బాలకి, అమ్మీలకి కూడా ఒక మాట. తన్ఖా తక్కువని భయపడడం తప్పని నేను అనను. 13,500తో ఇల్లు నడవడం కష్టమే, ఏ అబ్బాకైనా ఫికర్ ఉంటుంది. ఆ ఫికర్ సర్కారు మీద చూపించండి, పిల్లవాడి ఇజ్జత్ మీద కాదు. "తన్ఖా సరిపోదు" అని చెప్పి వద్దంటే అది ఇన్సాఫ్. "మిస్త్రీ" అని కప్పు కింద పెడితే అది ఘమండ్.

పోయిన ఆదివారం ఓపెన్ స్కూల్ దరఖాస్తు నింపడానికి ఆపా ఇంటికి వెళ్లాను. ఫొటో అంటించాం. "ఇరవై తొమ్మిదేళ్లకి పది రాస్తే నవ్వరా మామూ?" అన్నాడు వాడు.

"నవ్వనీ" అన్నాను.

సంతకం దగ్గర ఆగిపోయాడు. ఉర్దూలో పెట్టాలా, తెలుగులోనా అని అడిగాడు. జీతం రిజిస్టర్లో వేలిముద్ర తీసుకుంటారట, పదకొండేళ్లలో సంతకం ఎవరూ అడగలేదట. ఉర్దూలో పెట్టమన్నాను. గ్రీజు పోని వేళ్లతో నిదానంగా పెట్టాడు. తర్వాత టైము చూసుకుని లేచాడు. రాత్రి డ్యూటీ ఉంది, నాలుగో ఫిల్టర్ కడగాలి.